హైదరాబాద్ మురుగునీటి వ్యవస్థకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది?

సరూర్‌నగర్ నివాసి

అందరికీ నమస్కారం. ఏటా రాష్ట్ర బడ్జెట్ వచ్చినప్పుడు, నగరంలో నీరు, మురుగునీటి వ్యవస్థలు చూసే జలమండలికి ఇన్ని కోట్లు కేటాయించారని పత్రికల్లో చదువుతుంటాం. అందులో తాగునీటికి ఎంత, మురుగునీటికి ఎంత, కొత్త కట్టడాలకు ఎంత, ఉన్నవాటిని నడపడానికి ఎంత అన్నది మాత్రం మామూలు మనిషికి అర్థమయ్యేలా ఒకచోట కనిపించదు. ఈ విషయం మీద తెలిసినవారందరితో నిదానంగా, వివరంగా చర్చించాలని ఈ అంశాన్ని ప్రారంభిస్తున్నాను.

2021లో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం జీహెచ్ఎంసీ పరిధిలో రోజుకు సుమారు 1,650 ఎంఎల్‌డీ మురుగునీరు వస్తోంది. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. అప్పటికి ఉన్న 25 శుద్ధి కేంద్రాల సామర్థ్యం 772 ఎంఎల్‌డీ, అంటే వచ్చే మురుగులో సగానికి కూడా సరిపోదు. ఆ లోటు తీర్చడానికి అదే ఏడాది సుమారు 3,866 కోట్ల రూపాయలతో 1,259.50 ఎంఎల్‌డీ సామర్థ్యమున్న 31 కొత్త ఎస్టీపీలు, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రాలు, మంజూరు చేశారు. వాటిలో కొన్ని ఇప్పటికే నడుస్తున్నాయి. తర్వాత 2024లో కేంద్రం పట్టణ పథకం అమృత్ 2.0 కింద 3,849.10 కోట్లతో మరో 39 ఎస్టీపీలకు అనుమతి వచ్చింది.

ఈ రెండూ కలిపితే 7,700 కోట్లు దాటుతుంది. కట్టడానికి ఇంత డబ్బు సమకూరినందుకు నాకు నిజంగా సంతోషమే. కానీ ఇవన్నీ పూర్తయ్యాక ఏటా అయ్యే కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు, మరమ్మతుల ఖర్చు ఏ పద్దు నుంచి వస్తాయి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

విశ్రాంత ఇంజినీరు

సరూర్‌నగర్ గారు, మంచి ప్రశ్న వేశారు. నేను ఉద్యోగకాలమంతా నీటి సరఫరా, మురుగునీటి పనుల్లోనే ఉన్నాను కాబట్టి కొంత వివరంగా రాస్తాను.

మన నగరంలో భూగర్భ డ్రైనేజీ ఆలోచన 1908 మూసీ వరదల తర్వాత మొదలైంది. అప్పుడు వచ్చిన విశ్వేశ్వరయ్య గారు వరద నివారణకే కాక మురుగు పారుదలకూ పథకం ఇచ్చారు. ఆనాటి నుంచి ఈనాటి వరకు ప్రతి పెద్ద పనికీ ఎక్కడో ఒకచోట నుంచి మూలధనం దొరుకుతూనే ఉంది. నిజాం ఖజానా ఇచ్చింది, తర్వాత జాతీయ నదుల పరిరక్షణ పథకం ఇచ్చింది, హుస్సేన్‌సాగర్ కోసం జపాన్ రుణం వచ్చింది, ఇప్పుడు అమృత్ ఇస్తోంది. అంబర్‌పేటలోని 339 ఎంఎల్‌డీ కేంద్రం, నాగోలులోని 172 ఎంఎల్‌డీ కేంద్రం ఆ నదుల పథకం చలవతో వచ్చినవే.

నిర్వహణకు మాత్రం అలాంటి దాత ఎవరూ ఉండరు. ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి, ఎందుకంటే ఖర్చు సగం అక్కడే నిర్ణయమైపోతుంది. అంబర్‌పేటలో వాడింది యూఏఎస్‌బీ పద్ధతి. దానిలో గాలి లేకుండానే సూక్ష్మజీవులు మురుగును కుళ్ళబెడతాయి. కరెంటు తక్కువ పడుతుంది, పైగా గ్యాస్ వస్తుంది, కానీ నీటి నాణ్యత ఒక స్థాయి దాటి పెరగదు. కొత్త కేంద్రాల్లో వాడుతున్నది ఎస్‌బీఆర్ పద్ధతి. ఆ ట్యాంకుల్లోకి బ్లోయర్లు గంటల తరబడి గాలి కొట్టాలి. నీరు చాలా శుభ్రంగా వస్తుంది, స్థలం తక్కువ చాలు, కానీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ బయటికి వదిలే నీటిలో బీఓడీ (నీటిలో మిగిలిన మురికిని సూచించే కొలత) లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని చెప్పిన తర్వాత కరెంటు తక్కువ పట్టే పాత పద్ధతి ఒక్కదానితో నెట్టుకురావడం కుదరదు. ప్రమాణం పెంచడం సరైనదే. అయితే ప్రమాణంతో పాటు నిర్వహణ కేటాయింపు కూడా పెరగాలి.

పద్దుల పరిశీలకుడు

నేను స్థానిక సంస్థల ఆడిట్ పని చేసినవాడిని. ఇంజినీరు గారు ఖర్చు వైపు చెప్పారు, నేను ఆదాయం వైపు చెబుతాను.

మన నీటి బిల్లును ఒకసారి తీసి చూడండి. నీటి ఛార్జీ ఒక వరుసలో ఉంటుంది, దాని కింద మురుగునీటి సెస్ ఉంటుంది. ఆ సెస్‌కు సొంత లెక్కంటూ లేదు, అది నీటి ఛార్జీలో 35 శాతం. నీటికి వంద రూపాయలు కడితే డ్రైనేజీకి ముప్పై అయిదు కడతాం. 2021 జనవరి నుంచి నెలకు 20 వేల లీటర్ల వరకు గృహాలకు ఉచిత నీటి పథకం అమలులో ఉంది. నీటి ఛార్జీ సున్నా అయిన బిల్లులో దాని మీద 35 శాతం కూడా సున్నాయే అవుతుంది. ఆ ఇంటి నుంచి మురుగు మాత్రం ముందెంత వచ్చేదో ఇప్పుడూ అంతే వస్తుంది.

ఉచిత నీటి పథకాన్ని నేను వ్యతిరేకించడం లేదు. పేద కుటుంబాలకు అది పెద్ద ఊరట. వదులుకున్న ఆదాయాన్ని ప్రభుత్వం జలమండలికి భర్తీ చేయాలి, అదీ న్యాయమే. కానీ ఆ భర్తీ ఏ నెలలో వస్తుందో, ఎంత వస్తుందో ఖజానా పరిస్థితిని బట్టి ఉంటుంది. ఎస్టీపీ బ్లోయరుకు మాత్రం ఈ నెల కరెంటు ఈ నెలలోనే కావాలి. పైగా జలమండలి ఖర్చుల్లో అన్నింటికన్నా బరువైనది కరెంటు. కృష్ణా నీటిని నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీటిని ఎల్లంపల్లి నుంచి అంతకన్నా దూరం పంపు చేసి తేవాలి. ఒకే సంచిలో డబ్బు ఉన్నప్పుడు ముందు తాగునీటి పంపులకే పోతుంది. నల్లా ఒక్క పూట రాకపోతే బస్తీ అంతా రోడ్డెక్కుతుంది. శుద్ధి కేంద్రంలో రాత్రిపూట బ్లోయర్లు ఆపితే కాలనీలో ఎవరికీ తెలియదు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తాగునీటి పద్దు వేరు, మురుగునీటి పద్దు వేరు కావాలి. మురుగు ఖాతాలోకి వచ్చిన రూపాయి మరో అవసరానికి మళ్ళకూడదు.

మియాపూర్ అపార్ట్‌మెంట్ కోశాధికారి

పరిశీలకుడు గారు, మీ వాదన బాగుంది, కానీ మాలాంటివారి గోడు కూడా వినండి. మా సముదాయంలో సొంత ఎస్టీపీ ఉంది, అనుమతుల నిబంధన ప్రకారం కట్టినదే. దాని కరెంటు, ఆపరేటరు జీతం, అడుగున పేరుకున్న బురద ఎత్తించే ట్యాంకరు కిరాయి అన్నీ మేమే భరిస్తున్నాం. నెలవారీ మెయింటెనెన్స్ పెంచాల్సి వచ్చిన ప్రతిసారీ సర్వసభ్య సమావేశంలో మొదట ఎస్టీపీనే వేలెత్తి చూపిస్తారు. పొదుపు కోసం కొన్ని గంటలు ఆపుదామనేవారు ఉంటారు. మా దగ్గర అలా జరగకుండా చూస్తున్నాం, కానీ అన్నిచోట్లా చూడగలరా?

శుద్ధి చేసిన నీటిలో కొంత టాయిలెట్ ఫ్లష్‌లకు, మొక్కలకు వాడుకుంటాం. మిగిలినది కాలనీ డ్రైనేజీలో కలుస్తుంది, అక్కడ అది పక్క ఇళ్ళ మురుగుతో కలిసి మళ్ళీ మురుగైపోతుంది. ఒక నీటికి రెండుసార్లు ఖర్చు పెడుతున్నామన్న మాట. ప్రత్యేక మురుగు రుసుము తెస్తే, సొంత ఎస్టీపీని నిజంగా నడిపేవారికి నాణ్యత పరీక్ష ఆధారంగా రాయితీ ఇవ్వాలని నా విజ్ఞప్తి.

విశ్రాంత ఇంజినీరు

కోశాధికారి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఒక్క షరతు ఉండాలి. రాయితీని ఎస్టీపీ ఉందన్న కాగితం మీద ఇవ్వకూడదు, కరెంటు మీటరు రీడింగు, నీటి నమూనా ఫలితం చూసి ఇవ్వాలి. యంత్రం నడిచిందా లేదా అన్నది దాని విద్యుత్ వాడకమే చెబుతుంది.

వలిగొండ రైతుబిడ్డ

మీరందరూ నగరం లోపల కూర్చుని లెక్క వేస్తున్నారు. దయచేసి ఈ లెక్కలో మమ్మల్ని కూడా చేర్చండి.

నగరానికి దిగువన మా వైపు మూసీ మీద కత్వలు, అంటే చిన్న అడ్డుకట్టలు, ఉన్నాయి. వాటి కాలువల కిందే తరతరాలుగా వరి పండుతోంది. వేరే నీరు లేనిచోట ఈ నీరే మాకు ఆధారం, ఆ మాట దాచుకోను. కానీ కత్వ దగ్గర నీరు కిందికి దూకేచోట నిలువెత్తు తెల్లని నురగ లేస్తుంది. ఆ నీటిలో దిగి నాటు వేసే ఆడవాళ్ళ కాళ్ళకు దురదలు, పుండ్లు. బోరు నీరు తాగలేక క్యాన్ నీళ్ళు కొనుక్కునే ఇళ్ళు మా దగ్గర కొత్త కాదు. మా బియ్యం మూసీ బియ్యం అని తెలిస్తే ధర తగ్గించి అడుగుతారు.

నగరం శుద్ధి చేయకుండా మిగుల్చుకున్న ప్రతి రూపాయీ మా గడపలో ఖర్చుగా పడుతోంది. అది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రాదు కాబట్టి, శుద్ధి చాలా ఖరీదైన వ్యవహారమని నగరవాసులకు అనిపిస్తుంది. ఇక్కడి ఆసుపత్రి బిల్లులు, క్యాన్ నీళ్ళ ఖర్చు, పంట ధరలో నష్టం కలిపి చూస్తే ఏది ఖరీదో తెలుస్తుంది.

పద్దుల పరిశీలకుడు

రైతుబిడ్డ గారు చెప్పిన ఈ నష్టానికి ఒక సంస్థ అంకె కట్టే ప్రయత్నం చేసింది. 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ వ్యర్థాల నిర్వహణలో లోపాలకు తెలంగాణ మీద సుమారు 3,800 కోట్ల పర్యావరణ పరిహారం విధించింది. అందులో చాలా భాగం శుద్ధి కాని మురుగునీటికి సంబంధించినదే. 31 ఎస్టీపీల అంచనా వ్యయం పక్కన ఈ మొత్తాన్ని పెట్టి చూడండి, రెండూ దాదాపు సమానం. ఆ సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి దిద్దుబాటు పనులకే వాడాలని కూడా ట్రైబ్యునల్ చెప్పింది. ప్రత్యేక ఖాతా అన్న సూత్రం నేను కొత్తగా కనిపెట్టినది కాదని మనవి.

అట్లాంటా నుంచి

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడ ఉంటున్న హైదరాబాదీని. అట్లాంటా కూడా దాదాపు ఇదే స్థితిలో ఉండేది. వాన పడితే మురుగు పొంగి చట్టాహూచీ నదిలో కలిసేది. కోర్టు ద్వారా 1998, 1999లలో కుదిరిన ఒప్పందాలతో నగరానికి తప్పించుకునే దారి లేకుండా పోయింది. 2002లో మేయరైన షిర్లీ ఫ్రాంక్లిన్ ఈ పనిని తన ప్రధాన బాధ్యతగా తీసుకుని, 2004లో ప్రజల ఓటుతో ఒక శాతం అమ్మకపు పన్ను తెచ్చారు. ఆ పన్ను డబ్బు నీరు, మురుగునీటి పనులకే వెళుతుంది. నాలుగేళ్ళకోసారి మళ్ళీ ప్రజల ఆమోదం కావాలి, ఇప్పటిదాకా ప్రతిసారీ ఆమోదించారు. నగరానికి వచ్చిపోయేవారు, హోటళ్ళలో దిగేవారు కూడా ఆ పన్ను కడతారు కాబట్టి భారం స్థానికుల బిల్లుల మీదే పడదు. అయినా ఇక్కడ నీరు, మురుగు బిల్లులు చాలా ఎక్కువేనన్న మాట కూడా చెప్పాలి.

పక్క రాష్ట్రం అలబామాలో జెఫర్సన్ కౌంటీ కథ దీనికి పూర్తిగా భిన్నం. మురుగు కాలువల కోసం చేసిన అప్పును మారే వడ్డీ బాండ్లలోకి, వడ్డీ మార్పిడి ఒప్పందాల్లోకి మళ్ళించి, లంచాల కుంభకోణాల్లో చిక్కుకుని, 3 బిలియన్ డాలర్లకు పైగా మురుగు అప్పుతో 2011 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఆ భారం ఇప్పటికీ అక్కడి కుటుంబాల బిల్లుల్లో ఉంది. అప్పు చేయడం తప్పు కాదు, దాని షరతులు పౌరులకు అర్థం కాకపోవడమే ప్రమాదం.

సరూర్‌నగర్ నివాసి

అట్లాంటా గారు అప్పు షరతుల ప్రస్తావన తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. అమృత్ 2.0 కింద వచ్చే ఎస్టీపీల్లో ఎక్కువభాగం హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ) విధానంలో అని చదివాను. ఇది అప్పా, గుత్తా, లేక రెండూనా?

పద్దుల పరిశీలకుడు

మొదటి ప్యాకేజీ 16 ఎస్టీపీలకు 1,878.55 కోట్లు, రెండో ప్యాకేజీ 22 ఎస్టీపీలకు 1,906.44 కోట్లు, ఈ రెండూ హ్యామ్. మిగిలిన ఒక్కటి 64.11 కోట్లతో పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం. పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాలకు అమృత్‌లో కేంద్రం వాటా 25 శాతమే, మిగతాది రాష్ట్రమూ స్థానిక సంస్థలూ చూసుకోవాలి. హ్యామ్ అవసరం అక్కడే వస్తుంది.

ఈ విధానం గంగా శుద్ధి పథకంలో వారణాసి, హరిద్వార్ ఎస్టీపీలతో స్థిరపడింది. వంద కోట్ల కేంద్రం అనుకోండి. కడుతున్నప్పుడు ప్రభుత్వం 40 కోట్లు ఇస్తుంది. మిగిలిన 60 కోట్లు గుత్తేదారు తెచ్చి పెడతాడు. కట్టడం పూర్తయ్యాక ఆ 60 కోట్లను 15 ఏళ్ళపాటు వాయిదాల్లో, వడ్డీతో తిరిగి చెల్లిస్తారు. అంటే అసలే ఏడాదికి 4 కోట్లు, దాని మీద వడ్డీ, దాని పైన నిర్వహణ రుసుము.

ఇందులో నాకు నచ్చినది ఒకటి ఉంది. కట్టినవాడే నడపాలి, నీటి నాణ్యత తప్పితే చెల్లింపులో కోత పడుతుంది. నాసిరకంగా కట్టి వెళ్ళిపోవడం కుదరదు. భయం కలిగించేది కూడా ఉంది. ఈ వాయిదాలు ఇవాళ్టి బడ్జెట్‌లో చిన్నగా కనిపించి, కేంద్రాలన్నీ నడకలోకి వచ్చాక ఒకేసారి మీద పడతాయి. పదిహేనేళ్ళలో కనీసం మూడు ప్రభుత్వాలు వస్తాయి. వాయిదా ఆలస్యమైతే గుత్తేదారు ముందు తగ్గించేది సిబ్బందిని, శుద్ధికి వాడే రసాయనాలను, కరెంటును. గంగా పథకంలో ఈ ప్రమాదం తెలిసే చెల్లింపుల భద్రతకు ప్రత్యేక ఖాతా ఏర్పాటు పెట్టారు. మన దగ్గర కూడా రాబోయే ప్రతి ఏడాదికి ఎంత చెల్లించాలో పట్టిక రూపంలో బడ్జెట్‌తో పాటు శాసనసభ ముందు పెట్టాలి.

విశ్రాంత ఇంజినీరు

ఒక చిన్న హెచ్చరిక. 2021 పనుల్లో ఎంఎల్‌డీకి సుమారు 3 కోట్లు, 2024 పనుల్లో సుమారు 972 ఎంఎల్‌డీకి లెక్కిస్తే దాదాపు 4 కోట్లు పడుతుంది. ఇది చూసి వెంటనే అవినీతి అని తీర్మానించకండి. పైపులైన్లు ఎంత, నిర్వహణ ఎంత, భూమి తీరు ఏమిటి అన్నవి విడదీయకుండా పోల్చడం సరికాదు. ఆ విడివిడి లెక్కలు అడగడం మాత్రం మన హక్కు. నాలాల నుంచి మురుగును మళ్ళించే ట్రంక్ లైన్లు (పెద్ద పైపులు) లేకుండా ఎస్టీపీ మాత్రమే కడితే అది సగం ఖాళీగా నడుస్తుంది. బడ్జెట్‌లో ఆకర్షణ ఎప్పుడూ ఎస్టీపీకే, పైపుకు కాదు.

బస్తీ కార్యకర్త

ఇంతసేపూ యంత్రాల గురించి మాట్లాడారు, మనుషుల గురించి కూడా మాట్లాడాలి. 2013 చట్టం మనిషిని మ్యాన్‌హోల్‌లోకి రక్షణ లేకుండా దించడాన్ని నిషేధించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. అయినా దేశంలో ఈ మరణాలు ఆగలేదు.

మన నగరంలో సన్న గల్లీల్లోకి వెళ్ళి, ఒత్తిడితో నీళ్ళు కొట్టి డ్రైనేజీ శుభ్రం చేసే మినీ జెట్టింగ్ యంత్రాలు 2017 నుంచి ఉన్నాయి, ఇది మంచి పని. కానీ వర్షాకాలం మొదటి వారంలో మా బస్తీలో ఏం జరుగుతుందో చెబుతాను. మ్యాన్‌హోల్ మూత ఎత్తుకుని నల్లటి నీరు గడపల్లోకి వస్తుంది. ఫోన్ చేస్తే యంత్రం వేరే చోట పనిలో ఉందంటారు. సాయంత్రమయ్యేసరికి ఎవరో వెదురు బద్దలు పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళను తెస్తారు, చేతికి గ్లౌజులు ఉండవు. వాళ్ళు ఏ రికార్డులోనూ ఉండరు, వాళ్ళ కూలి ఇళ్ళవాళ్ళం చందా వేసుకుని ఇస్తాం. యంత్రాల అద్దె పద్దులో కోత పడితే, ఆ కోత చివరికి వీళ్ళ ఒంటి మీద పడుతుంది. మురుగునీటి ఖాతాలో మొదటి కేటాయింపు ఈ యంత్రాలకూ, కార్మికుల భద్రతకూ ఉండాలి, ఎస్టీపీ వాయిదాల కన్నా ముందు.

అట్లాంటా నుంచి

మీ మాట నూటికి నూరుపాళ్ళు సరైనది. ఇంకో ఆదాయ మార్గం గురించి అడుగుతాను. శుద్ధి చేసిన నీటిని అమ్మలేమా?

విశ్రాంత ఇంజినీరు

అమ్మవచ్చు, అమ్ముతున్నారు. నాగపూర్‌లో భండేవాడి కేంద్రం నుంచి శుద్ధి చేసిన నీరు కొరాడి థర్మల్ విద్యుత్ కేంద్రానికి వెళ్ళేలా ఏర్పాటు చేశారు. సూరత్ నగరపాలక సంస్థ పాండేసరలోని బట్టల పరిశ్రమలకు అమ్ముతోంది. చెన్నైలో కోయంబేడు, కొడుంగయూరు దగ్గర 45 ఎంఎల్‌డీ చొప్పున రెండు కేంద్రాలు పరిశ్రమల కోసమే ఉన్నాయి. గాజియాబాద్ 2021లో 150 కోట్ల గ్రీన్ బాండ్లు 8.1 శాతం వడ్డీకి జారీ చేసి, సాహిబాబాద్ పరిశ్రమలకు నీరిచ్చే కేంద్రానికి ఆ డబ్బు వాడింది. మన జీహెచ్ఎంసీ కూడా 2018లో 8.9 శాతానికి 200 కోట్ల బాండ్లు జారీ చేసింది, అయితే ఆ డబ్బు రోడ్ల కోసం.

అమృత్ 2.0 కూడా పరిశ్రమల నీటి అవసరంలో 40 శాతం ఈ నీటితో తీరాలని లక్ష్యం పెట్టింది. కానీ కొనేవాడు దగ్గరలో ఉండాలి, వేరే పైపులైను కావాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, పరిశ్రమకు బోరు నీరు ఉచితంగా దొరుకుతున్నంతకాలం శుద్ధి చేసిన నీటిని డబ్బిచ్చి కొనదు. ఇది నిర్వహణ ఖర్చులో కొంత తీర్చగలదే తప్ప మొత్తం తీర్చదు. వలిగొండ వైపు పొలాలకు పారే నీటి వాటా తగ్గించి అమ్మడం కూడా న్యాయం కాదు.

సరూర్‌నగర్ నివాసి

చాలా నేర్చుకున్నాను. ఇక ఒక ప్రశ్నే మిగిలింది. మురుగు రుసుమును నీటి బిల్లు నుంచి విడదీస్తే, ఇప్పుడు సున్నా బిల్లు వస్తున్న పేద ఇంటి మీద కొత్త భారం పడుతుంది కదా?

బస్తీ కార్యకర్త

పడకూడదు. మా బస్తీలో డ్రైనేజీ పొంగే ఇంటిని డ్రైనేజీ బాగున్నందుకు రుసుము కట్టమంటే ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను.

పద్దుల పరిశీలకుడు

ఒప్పుకోవలసిన అవసరం లేదు. బస్తీ ఇళ్ళకు పూర్తి మినహాయింపు ఇచ్చి, మిగిలినవారికి ఆస్తి పన్ను స్థాయిని బట్టి రుసుము పెట్టవచ్చు. పెద్ద భవనం, వాణిజ్య సముదాయం ఎక్కువ కడతాయి. మినహాయింపు పొందిన ఇళ్ళ వాటాను ప్రభుత్వం ఏడాది మొదట్లోనే, ఏప్రిల్‌లో, మురుగునీటి ఖాతాలో జమ చేయాలి.

నేను మూడు అంశాలతో ఒక వినతిపత్రం ముసాయిదా రాస్తున్నాను. తాగునీరు, మురుగునీరు వేర్వేరు పద్దులుగా చూపడం మొదటిది. హ్యామ్ చెల్లింపుల పదిహేనేళ్ళ పట్టిక రెండోది. ప్రతి ఎస్టీపీలో నెలవారీ విద్యుత్ వాడకం, శుద్ధి అయిన నీటి పరిమాణం, బీఓడీ ఫలితాలు బయటపెట్టడం మూడోది. బస్తీ కార్యకర్త గారు కార్మికుల భద్రత కేటాయింపు మీద, రైతుబిడ్డ గారు దిగువ గ్రామాల నీటి పరీక్షల మీద చెరొక పేరా రాసి ఇస్తే అయిదు అంశాలవుతాయి. బడ్జెట్ కసరత్తు డిసెంబరులోనే మొదలవుతుంది కాబట్టి నవంబరు చివరికల్లా ఇవ్వాలి.

వలిగొండ రైతుబిడ్డ

రాస్తాను. మా ఊరి బోర్ల నీటి పరీక్ష కాగితాలు పంచాయతీలో ఉన్నాయి, వాటి నకళ్ళు కూడా జతచేస్తాను.